“అప్పుడే అనిపించింది మేడమ్, కానీ...”: ఇంటర్వ్యూలో కనిపించిన హెచ్చరికలపై ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలో కెరీర్ కౌన్సెలింగ్ చేస్తున్నాను. ద్వారకానగర్‌లో చిన్న ఆఫీసు. అంతకుముందు పదకొండేళ్ళు హెచ్‌ఆర్‌లో పనిచేశాను, అంటే ఇంటర్వ్యూ బల్లకు అవతలివైపు కూర్చున్నదాన్ని. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఏం దాస్తారో, ఎలా దాస్తారో నాకు బాగా తెలుసనే ధీమా ఉండేది. వరసగా రెండు ఉద్యోగాల్లో మోసపోయిన ఒక అకౌంటెంటు కేసు ఇది. ఇందులో నేనిచ్చిన మొదటి సలహా బెడిసికొట్టింది. అందుకే మొదట్నుంచీ రాస్తున్నాను. అతని అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. జీతాల లెక్క మాత్రం అతని కాగితాల్లో ఉన్నదే.

నేపథ్యం

అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. బీకాం. పెందుర్తి వైపు ఇల్లు. రిటైరైన తండ్రి, తల్లి, భార్య, రెండేళ్ళ పాప. డిగ్రీ అయ్యాక పోర్టు పనులు చూసే ఒక క్లియరింగ్ ఏజెన్సీలో అకౌంట్స్‌లో చేరాడు. ట్యాలీ ఎంట్రీలు, జీఎస్‌టీ రిటర్నులు, బ్యాంకు రీకన్సిలియేషన్, పార్టీ లెడ్జర్లు, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒకటో తేదీ దాటి జీతం రాలేదు. ఓనరుకు వయసు మీదపడి ఏజెన్సీ మూసేశాడు.

ఆ తర్వాత పద్నాలుగు నెలల్లో రెండు ఉద్యోగాలు. మొదటిది రవాణా కంపెనీ, ఐదు నెలలు. చివరి రెండు నెలల జీతం రాలేదు. రెండోచోట నాలుగు నెలలు. జీతం వచ్చింది, పే స్లిప్పులో పీఎఫ్ కోశారు, కానీ పాస్‌బుక్‌లో ఒక్క నెల కూడా పడలేదు. అడిగితే “పోర్టల్ ప్రాబ్లమ్” అన్నారు. అడగడం మొదలుపెట్టిన నెలలోనే పొమ్మన్నారు.

ఏమని వచ్చాడు

నా దగ్గరకు వచ్చింది వీటి గురించి చెప్పుకోడానికి కాదు. “ఈ రెండు ఉద్యోగాలూ రెజ్యూమేలో కనపడకుండా చెయ్యాలి మేడమ్” అన్నాడు. ఆ పని చేయనని చెప్పాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో బయటపడితే, తప్పు చేసిన కంపెనీలు పోయి ఇతను దోషిగా నిలబడతాడు. “జీతం బకాయి వల్ల మానేశాను” అని ఒక్క వాక్యం రాస్తే చాలు, సిగ్గుపడాల్సింది మీరు కాదు అన్నాను. ఆ మాటకు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. “ఇలాంటి కంపెనీలు నాకే ఎందుకు తగుల్తున్నాయి?”

గ్రహచారం అని సర్దిచెప్పి పంపేయొచ్చు. కానీ ఒక విషయం నన్ను ఆపింది. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంటర్వ్యూ దాటలేక వస్తారు. ఇతను ఆ పద్నాలుగు నెలల్లో ఆరు ఇంటర్వ్యూలకు వెళితే ఐదుచోట్ల రమ్మన్నారు. ఎక్కడా ఎదురు ప్రశ్న వేయలేదు. జీతం వాళ్ళు చెప్పిందే, టైమింగ్స్ వాళ్ళు చెప్పినవే, రేపే చేరమంటే రేపే. మంచి కంపెనీ ఇలాంటి మనిషిని పనితనం చూసి తీసుకుంటుంది. చెడ్డ కంపెనీ ఇతను నోరు విప్పడని చూసి తీసుకుంటుంది. ఆఫర్ మాత్రం రెండు రకాల వాళ్ళ దగ్గర్నుంచీ ఒకేలా వస్తుంది. కాబట్టి దీన్ని అదృష్టానికి వదిలేయకుండా, ఇంటర్వ్యూ గదిలో ఏం జరిగిందో చూడాలనుకున్నాను.

గేటు దగ్గర్నుంచి

“ప్రశ్నలు జవాబులు వద్దు. గేటు లోపల కాలు పెట్టిన దగ్గర్నుంచి ఏం కనపడితే అది చెప్పండి” అన్నాను.

రవాణా కంపెనీ ఇంటర్వ్యూ. పదింటికి రమ్మన్నారు, ఒంటిగంటన్నర దాకా కూర్చోబెట్టారు. ఆ మధ్యలో ఒక లారీ డ్రైవరు వచ్చి రిసెప్షన్ బల్ల మీద బిల్లుల కట్ట పడేసి గట్టిగా అరిచాడు. రిసెప్షన్ అమ్మాయి తలెత్తలేదు, అలవాటైన దానిలా ఫోన్ చూసుకుంటూ ఉంది. తనకు చూపించిన సీటు పక్క గోడ మీద క్యాలెండరు మూడు నెలల కిందటి పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది. బల్ల సొరుగులో ఎవరిదో ఆడవాళ్ళ గొడుగు, ఒక టిఫిన్ బాక్సు. ఆమె ఎందుకు మానేశారని అడిగితే “సెట్ అవ్వలేదు” అన్నారు. ఇంటర్వ్యూ పట్టుమని పన్నెండు నిమిషాలు. వెంటనే “రేపు జాయిన్ అవుతారా?”

టిఫిన్ బాక్సు దగ్గర నేను రాయడం ఆపేశాను. మామూలుగా ఉద్యోగం మానేసిన మనిషి టిఫిన్ బాక్సు ఇంటికి తీసుకెళ్తుంది.

రెండో కంపెనీలో అంతా మర్యాదగానే జరిగింది. టీ ఇచ్చారు, “మనదంతా ఫ్యామిలీ లాగే” అన్నారు. ఆఫర్ లెటర్ జాయినయ్యాక నెలకి ఇస్తామన్నారు. ఒకాయన ఆఫీసు ఆరింటికి అయిపోతుందన్నాడు, రెండో ఆయన “అకౌంట్స్‌కి టైమ్ అంటూ ఉండదు” అన్నాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇంకో మాట కూడా అడిగారు. “ఇంట్లో ఎవరెవరు సంపాదిస్తారు? లోన్లేమైనా ఉన్నాయా?” తన కష్టసుఖాలు అడుగుతున్నారని ఇతను సంతోషపడి, హోమ్ లోను గురించి, పాప గురించి మొత్తం చెప్పాడు.

హెచ్‌ఆర్‌లో పనిచేసినదాన్నిగా చెప్తున్నాను, అకౌంటెంటును ఎంచుకోడానికి అతని అప్పులతో పనిలేదు. జీతం ఆపితే ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు, తిరగబడే స్థితిలో ఉన్నాడా లేడా అన్నది తెలుసుకోడానికి మాత్రం పనికొస్తుంది. అడిగిన ప్రతివాళ్ళూ ఆ ఉద్దేశంతోనే అడుగుతారని అనను. మన ఊళ్ళో మంచిగా కూడా అడుగుతారు. అయినా ఆ జవాబు ఇంటర్వ్యూలో ఇవ్వాల్సింది కాదు.

ఇవన్నీ చెప్తూ అతను మళ్ళీ మళ్ళీ ఒకే వాక్యం అన్నాడు. “అప్పుడే అనిపించింది మేడమ్, కానీ...” కానీ డ్రైవర్లంటే అలాగే అరుస్తారు కదా. కానీ చిన్న కంపెనీల్లో లెటర్లు లేటవుతాయి కదా. కానీ నాన్న రోజూ అడుగుతున్నారు కదా. నా కాగితం అంచున గీతలు పెట్టుకుంటూ పోయాను. పదకొండు ‘కానీ’లు.

అక్కడే ఈ కేసు నాకు అర్థమవడం మొదలైంది. హెచ్చరికలు కనపడలేదనడానికి లేదు. అన్నీ కనపడ్డాయి. కనపడిన ప్రతిదానికీ కంపెనీ తరఫున సంజాయిషీ తనే ఇచ్చుకున్నాడు. వాళ్ళు ఒక్క అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఇంకోటి అడిగాను. “పాత ఏజెన్సీలో కొత్త సప్లయర్ బిల్లు వస్తే ఏం చేసేవారు?” తడుముకోకుండా చెప్పాడు. జీఎస్‌టీ నంబరు పోర్టల్‌లో కొట్టి, యాక్టివ్‌లో ఉందా, రిటర్నులు వేస్తున్నాడా చూసేవాణ్ణి, లేకపోతే మనకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నదాని మీద కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే వీలు) పోతుంది అన్నాడు. పద్దెనిమిది వేల బిల్లు కోసం కూడా చూసేవాడట. “మరి మీరు చేరబోయే కంపెనీ నంబరు ఎప్పుడైనా కొట్టి చూశారా?” లేదు. ఆ ఆలోచనే రాలేదు. తన జీతం కూడా ఆ కంపెనీ నుంచి తనకు రావాల్సిన బాకీయేనని అతనికెప్పుడూ అనిపించలేదు.

నేను చేసిన తప్పు

ఇంత విన్న తర్వాత నేను చేసిన పని, ఇరవై రెండు అంశాల చెక్‌లిస్టు చేతిలో పెట్టడం. ఆలస్యంగా పిలవడం, ఆఫీసు అపరిశుభ్రంగా ఉండటం, ఇంటర్వ్యూ మధ్యలో ఫోన్లు మాట్లాడటం, జాబ్ వివరాలు రాతలో లేకపోవడం, జీతం తేదీ చెప్పకపోవడం, ఇలా అన్నీ ఒకే వరుసలో, అన్నిటికీ ఒకే విలువ. ఆరు దాటితే వద్దు అని గీత గీశాను. హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు అభ్యర్థులకు మార్కులు వేసిన అలవాటు, దాన్నే తిప్పి కంపెనీలకు వేయించాను.

మూడు వారాల్లో రెండు ఇంటర్వ్యూలు పోయాయి. గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్. ఓనరే ఇంటర్వ్యూ చేశాడు, గంట ఆలస్యంగా. వెల్డింగు చప్పుడు, బల్ల మీద ఇనుప రజను, మధ్యలో నాలుగు ఫోన్లు. లిస్టులో తొమ్మిది టిక్కులు పడ్డాయి. ఇతను వద్దనుకున్నాడు. తర్వాత అదే యూనిట్‌తో లావాదేవీలున్న నాకు తెలిసినవాళ్ళ ద్వారా విన్నదేమిటంటే, అక్కడి పాత అకౌంటెంటు పదిహేనేళ్ళు చేసి వయసైపోయి మానుకున్నాడు. జీతాలు ఏనాడూ ఆగలేదు. నా లిస్టు లెక్కపెట్టింది ఆ ఓనరు దగ్గర సోకులు లేకపోవడాన్ని. అతని నిజాయితీని కొలిచే గడి అందులో ఒక్కటీ లేదు.

రెండోది సిరిపురంలో. ఈసారి ఇతను లిస్టులోని ప్రశ్నలు వరసబెట్టి ఏడు అడిగాడు. అవతలి ఆమె మూడో ప్రశ్నకే పెన్ను మూసేసిందట. ఆ కంపెనీ మంచిదో చెడ్డదో తేలనే లేదు. ఆడిటర్ వచ్చి కూర్చున్నట్టు ఉండుంటుంది ఆమెకు. ఎలా అడగాలో నేర్పకుండా ఏం అడగాలో మాత్రం ఇచ్చాను. ఆ తప్పు నాది.

ఆ రాత్రి చెక్‌లిస్టు ముందు పెట్టుకుని ఒక్కో అంశం పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఇది లోపమా, దాపరికమా? ఆఫీసు దుమ్ముగా ఉండటం, పిలిచిన టైముకు పిలవకపోవడం, ఓనరు మాట కటువుగా ఉండటం లోపాలు. వాటితో బతకగలమా లేదా అన్నది మన ఇష్టం. జీతం ఏ తేదీన వేస్తారో తెలిసి కూడా చెప్పకపోవడం, పాత మనిషి ఎందుకు వెళ్ళిపోయాడో తెలిసి కూడా దాటేయడం, కాగితం ఇవ్వగలిగి కూడా ఇవ్వకపోవడం దాపరికం. అవతలివాళ్ళ దగ్గర జవాబు ఉంది, మనకివ్వడం లేదు. ఆలోచించుకునే టైము లాక్కోవడం కూడా ఇందులోకే వస్తుంది, ఎందుకంటే ఆ టైములో మనం ఏం కనుక్కుంటామోనన్న భయం వాళ్ళది. ఇరవై రెండులో దాపరికం కింద నిలిచినవి ఐదే.

ఇక తూకం వేయాల్సిన అవసరమే లేనిది ఒకటుంది. ఉద్యోగం కోసం మన దగ్గర్నుంచి డబ్బు అడగడం. డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ ఫీజన్నా, ల్యాప్‌టాప్ అడ్వాన్సన్నా లేచి వచ్చేయడమే. ఈ ఊరికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఏజెంట్లు డబ్బు కట్టించుకుని మన పిల్లల్ని కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. విదేశీ ఉద్యోగమైతే ఆ ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి. నా దగ్గరకొచ్చే తల్లిదండ్రులకు చేతులు పట్టుకుని చెప్పే మాట ఇది.

‘కానీ’లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి

లిస్టు కుదించినంత మాత్రాన ఇతను మారడని అర్థమైంది. ఐదు అంశాలకూ ఐదు ‘కానీ’లు పుట్టించగలడు. ఆ ‘కానీ’లు వస్తున్నది ఇంటి దగ్గర్నుంచి, ప్రతి నెలా పదో తేదీన పోయే తొమ్మిది వేల ఈఎంఐ నుంచి. కాబట్టి తర్వాతి సిటింగుకు భార్యను కూడా రమ్మన్నాను.

ఆమె పాపను ఒళ్ళో పెట్టుకుని ఎక్కువ మాట్లాడకుండా కూర్చుంది. రవాణా కంపెనీలో ఆ చివరి రెండు నెలలు ఎంత ఖర్చయిందో చెప్పమంటే వేళ్ళ మీద లెక్కపెట్టింది. రానూపోనూ బస్సు, మధ్యాహ్నం బయట భోజనం, రెండుసార్లు ఓనరు పనికోసం సొంత డబ్బుతో పెట్రోలు. ఆరు వేల పైచిలుకు. “జీతం రాని ఉద్యోగం కన్నా ఉద్యోగం లేకపోవడమే చవక మేడమ్. ఆ ఆరు వేలైనా మిగిలేవి” అంది. నా పదకొండేళ్ళ హెచ్‌ఆర్ అనుభవంలో ఈ లెక్క నాకెప్పుడూ తట్టలేదు.

అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నాం. సరైన ఉద్యోగం దొరికేదాకా నాలుగు నెలలు నెట్టుకురావాలి. ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర రిటర్నుల పని, నెలకు పన్నెండు వేలు, పూటపని. ఈఎంఐ పోతుంది, ఇంకొంచెం మిగులుతుంది. మిగతాది తండ్రి పెన్షను. తండ్రికి ఈ విషయం చెప్పడం కష్టమైంది, కానీ అది భార్యాభర్తలే చూసుకున్నారు.

కెరీర్ కౌన్సెలింగ్‌లో ఇంటి ఖర్చుల గురించి మాట్లాడటమేమిటని కొందరు తోటివాళ్ళు అంటారు. ఈ కేసులో మిగతా పనులన్నీ ఫలించింది ఈ పన్నెండు వేల వల్లే అని నా నమ్మకం. వద్దనే శక్తి లేని మనిషికి హెచ్చరిక చూపించి ఏం లాభం?

ఏం నేర్చుకున్నాడు

ఇంటర్వ్యూకు ముందు అరగంట కంప్యూటర్ ముందు కూర్చోవడం. జీఎస్‌టీ పోర్టల్‌లో కంపెనీ స్థితి, రిటర్నులు ఏ తేదీల్లో వేశారు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఎప్పుడు పెట్టారు, యాక్టివ్‌లో ఉందా. పీఎఫ్ వెబ్‌సైట్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ కొడితే నెలనెలా ఎంత కట్టారు, ఎంతమందికి కట్టారు కనిపిస్తుంది. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టాలి. అది తప్పుతోందంటే జీతాలు కూడా తప్పే రోజు దగ్గర్లో ఉండొచ్చు. ఇవేవీ ఇతనికి కొత్త కాదు. తన పనే. తన కోసం చేసుకోవడం కొత్త.

ప్రశ్నలు మూడే, అన్నీ జరిగిపోయిన వాటి మీద. గత రెండు మూడు నెలలు జీతాలు ఏ తేదీల్లో పడ్డాయి? ఈ సీటులో ఇంతకుముందున్నవారు ఎన్నాళ్ళు చేశారు, ఎందుకు మానేశారు? పోయిన నెలాఖరున అకౌంట్స్ వాళ్ళు ఇంటికి ఎన్నింటికి వెళ్ళారు? జీతం టైముకు ఇస్తారా అని అడిగితే ఎవరైనా ఇస్తామనే అంటారు. ఏ తేదీన ఇచ్చారంటే తేదీ చెప్పాలి, లేదా తడబడాలి. వీలైతే ఒకటే ప్రశ్న ఇద్దరిని వేర్వేరుగా అడగాలి.

మొదటి ప్రశ్నకు అతను తయారు చేసుకున్న మాట “సార్, నాకు పదో తేదీన ఈఎంఐ ఉంటుంది” అని మొదలైంది. ఆ ముక్క కొట్టేయించాను. మన అవసరం చెప్పుకోకుండానే జీతం తేదీ అడిగే హక్కు ఉంది. నా ముందు నాలుగైదుసార్లు అనిపించాను. మొదట్లో “జీతాలు” అనే మాట దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిపోయేది.

చివరిది నోటుబుక్కు. ఇంటర్వ్యూ అయ్యాక ఇంటికి వెళ్ళకముందే, ఎవరితోనూ ఫోన్ మాట్లాడకముందే, బస్టాపులో కూర్చుని రాయాలి. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు “చూసింది”. కుడివైపు “నేను చెప్పుకున్న కారణం”. ‘కానీ’ తర్వాత వచ్చేదంతా కుడివైపుకు పోవాలి. కుడివైపు రాసింది కంపెనీ వాళ్ళు చెప్పారా, తను ఊహించుకున్నాడా అన్నది కూడా పక్కన రాయాలి.

రెండు ఆఫర్లు

రెండున్నర నెలలకు వారం తేడాతో రెండు వచ్చాయి.

ఒకటి అద్దాల ఆఫీసు, ప్రాజెక్టు పనులు చేసే కంపెనీ. ఏడాదికి 4 లక్షల 20 వేల సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు చాలా సౌమ్యులు. జీతాల తేదీ అడిగితే “శాలరీ గురించి టెన్షన్ పడకండి” అన్నారు. టీమ్ ఎలా ఉందంటే “డబుల్ చేస్తున్నాం” అన్నారు. పీఎఫ్ రికార్డులో ఏడు నెలల్లో మనుషుల సంఖ్య 46 నుంచి 31కి దిగింది. మూడు నెలల పీఎఫ్ ఆలస్యంగా కట్టారు. సంఖ్య తగ్గినంత మాత్రాన తప్పు పట్టక్కర్లేదు, కొందరిని ఇంకో సంస్థ పేరుకు మార్చి ఉండొచ్చు. కానీ తగ్గుతున్నదాన్ని పెరుగుతోందని చెప్పడం వేరే సంగతి. షరతులు రెండు: రెండేళ్ళ బాండు, మధ్యలో మానేస్తే లక్షన్నర. డిగ్రీ ఒరిజినల్స్ వాళ్ళ దగ్గరే ఉంచాలి.

రెండోది సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసే ఒక మధ్యతరహా సంస్థ. నెలకు 25 వేలు, కంపెనీ కట్టే పీఎఫ్ దానికి అదనం. పాత బిల్డింగు, లిఫ్టు లేదు. అక్కడి అకౌంట్స్ మేనేజరు తేదీల ప్రశ్నకు కాసేపు ఆలోచించి “పోయిన నెల 5న, అంతకుముందు 5న, దానికి ముందు మాత్రం 12 అయింది. విదేశీ బయ్యర్ పేమెంటు ఆగింది. స్టాఫ్‌కి ముందే చెప్పాం” అన్నాడు. సీజన్లో రాత్రి తొమ్మిదవుతుందని కూడా తనే చెప్పాడు.

ఇంట్లో తండ్రిది ఒకటే మాట. “ఏసీ ఆఫీసు, నాలుగు లక్షల పైన. ఇంకేటి కావాల్రా నీకు?”

లెక్క వేయమన్నాను. 4 లక్షల 20 వేలంటే నెలకు 35,000. అందులో 15 శాతం వేరియబుల్, అంటే 5,250, వస్తే ఏడాది చివర వస్తుంది. కంపెనీ వాటా పీఎఫ్ 1,800 అందులోనే. బేసిక్ (మూల వేతనం) 17,500 మీద 4.81 శాతం గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు) 842 కూడా అందులోనే. బాండు రెండేళ్ళు, ఆ గ్రాట్యుటీ చేతికి రావాలంటే వాళ్ళ కాగితం ప్రకారం ఐదేళ్ళు చేయాలి. మిగిలింది 27,108. తన వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 25,108. రెండోచోట 25,000లో అవే 2,000 పోతే 23,000. లక్షా ఇరవై వేల తేడా అనుకున్నది నెలకు 2,108 దగ్గర తేలింది. ఈ లెక్క తండ్రి ముందు కాగితం మీద వేసి చూపించాడు. ఆయన కాగితం రెండుసార్లు తిప్పి చూసి, “మరి ఆ నాలుగు లక్షలు ఎవరికిస్తార్రా?” అన్నాడట.

అయినా ఇతని మనసు మొదటిదాని మీదే ఉంది. నోటుబుక్కు తెచ్చి చూపించాడు. కుడివైపు మొత్తం నిండిపోయి ఉంది. “పెద్ద కంపెనీల్లో బాండు మామూలే (ఊహ). సర్టిఫికెట్లు భద్రంగానే ఉంచుతారు (ఊహ). ప్రాజెక్టు బిల్లులు లేటవుతాయి (ఊహ).” రెండో కంపెనీ పేజీలో కుడివైపు ఒక్కటే వాక్యం, అది కూడా మేనేజరు చెప్పింది. ఏదో ఒకటి ఎంచుకోమని నేను అనలేదు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, టీ తెప్పించాను.

బాండు గురించి అడిగాడు, “అవి కోర్టులో చెల్లవంట కదా మేడమ్?” చాలామంది ఈ ధీమాతోనే సంతకం పెడతారు. మానేశాక ఇంకెక్కడా చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. ఇన్నాళ్ళు పనిచేయాలి, ముందే మానేస్తే ఇంత కట్టాలనే షరతు వేరు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో రెండు లక్షల బాండును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతి బాండూ అలాగే నిలుస్తుందని కాదు, ఎంత న్యాయంగా ఉందో చూస్తారు. కానీ చెల్లదులే అనుకుని సంతకం పెట్టే కాగితం కాదది.

చివరకు మొదటి కంపెనీకి ఒక మెయిల్ పెట్టాడు. ఒరిజినల్స్ చూపిస్తాను, మీ ఎదుటే జిరాక్సులతో పోల్చుకుని అదే రోజు తిరిగి ఇవ్వగలరా అని. రెండు వాక్యాలు, మర్యాదగా. గంటలో ఫోన్ వచ్చింది. “అది కంపెనీ పాలసీ. మీ వెనకాల ఇంకో ఇద్దరున్నారు. సాయంత్రం ఐదులోపు చెప్పండి.” నోటుబుక్కులో ఎడమవైపు ఆ మాట రాసుకున్నాడు. కుడివైపు ఏం రాయాలో తోచలేదన్నాడు. ఐదు కాకుండానే వద్దని చెప్పేశాడు.

ఆ తర్వాత

ఎగుమతి సంస్థలో చేరి పద్నాలుగు నెలలైంది. ఒక్కసారి జీతం 11న వచ్చింది, ఆ సంగతి 3నే చెప్పారు. సీజన్లో నిజంగానే తొమ్మిదవుతోంది. పాప నిద్రపోయాక ఇంటికి చేరుతున్నానని బాధపడతాడు. అది ముందే తెలిసి ఒప్పుకున్నది కాబట్టి మోసపోయానన్న మాట ఇప్పటిదాకా రాలేదు. పాత కంపెనీ ఎగ్గొట్టిన పీఎఫ్ మీద, పే స్లిప్పులు జతచేసి పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. ఐదు నెలలకు డబ్బు పాస్‌బుక్‌లో పడింది. రవాణా కంపెనీ బాకీలో ఒక నెల జీతం లేబర్ ఆఫీసు ద్వారా వచ్చింది, ఇంకో నెలది రాలేదు.

అద్దాల కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. అతని నిర్ణయం సరైనదని నేననడానికి అది మూతపడాల్సిన పనిలేదు. ఆ రోజు అతని ముందున్న కాగితాలు చాలు.

నా పద్ధతిలో మారినవి

చెక్‌లిస్టు ఇవ్వడం మానేశాను. మొదటి సిటింగులోనే ఇంట్లో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుంది అని అడుగుతున్నాను. మధ్యలో గీత ఉన్న నోటుబుక్కు మాత్రం అందరికీ చెప్తున్నాను. రాసుకోనివాళ్ళు ఇంటికెళ్ళేసరికి చూసింది మర్చిపోయి, సర్దుకున్నదే గుర్తుపెట్టుకుంటారు.

పోర్టల్స్ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. ఇరవై మంది కన్నా తక్కువుంటే పీఎఫ్ ఉండకపోవచ్చు. సొంత పేరు మీద నడిపే వ్యాపారం కంపెనీల రికార్డులో దొరకదు. మన ఊళ్ళో చిన్న అకౌంట్స్ ఉద్యోగాలు సగం అలాంటివే. అక్కడ మా వాళ్ళకు చెప్పేది, సాయంత్రం ఆరున్నరకు ఆ ఆఫీసు ఎదుట టీ కొట్టు దగ్గర ఒక అరగంట నిలబడమని. ఎన్నింటికి లైట్లు ఆరతాయో, బయటకొచ్చినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారో లేదో చూడమని. “ఇక్కడ పనిచేసేవాళ్ళు మీ దగ్గర ఖాతా పెడతారా అన్నా?” అని టీ కొట్టు ఆయన్ని అడగమని. పోయిన నెల ఒకమ్మాయి అలాగే అడిగితే, ఆయన డబ్బా కింద నుంచి చిన్న పుస్తకం తీసి చూపించాడట. ఆ ఆఫీసు వాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి, మూడో నెల బాకీలు. ఆమె టీ డబ్బులు ఇచ్చేసి, ఇంటర్వ్యూకు మర్నాడు రానని అక్కణ్ణుంచే ఫోన్ చేసింది.